చంద్రగిరి చుట్టూ కోటలు, చెరువులు

తిరుపతికి వచ్చినవాళ్లు కొండెక్కి స్వామిని చూసుకుంటారు. కిందికి దిగి తిరుచానూరులో అమ్మవారిని చూసుకుంటారు. టైముంటే శ్రీకాళహస్తి వెళ్లి అటునుంచి అటే రైలెక్కేస్తారు. తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి ఉందని, విజయనగర రాయలు ఏలిన మహలు అక్కడ ఇప్పటికీ నిలబడి ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. ఇక ఆ చుట్టుపక్కల చెరువుల సంగతి ఎవరు పట్టించుకుంటారు! నాకైతే ఈ ఊళ్లంటే ప్రాణం. మా చిన్నాయన ఇల్లు చంద్రగిరిలోనే. ఆయన ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. చెరువు కట్ట మీద నడుస్తున్నప్పుడు ఆయన కాళ్లు ఆగిన చోట మనమూ ఆగి చూడాలి. అక్కడ ఏదో ఒకటి ఉంటుంది.

డిసెంబరులో వెళ్లాలని ముందే అనుకున్నాను. ఎండాకాలంలో వెళితే కోట కనిపిస్తుంది కానీ చెరువులు కనిపించవు, మైదానాలు కనిపిస్తాయి. ఈ సీమ చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో లేచే వాయుగుండాలతో. ఆ కొద్ది రోజుల్లో కుండపోతగా పడిన వాన ఎక్కడికక్కడ ఆగితేనే మిగతా ఏడాదికి నీళ్లు.

మొదటి రోజు: కోట

పొద్దున్నే ఎర్రకారం దోశ తిని బయల్దేరాం. చంద్రగిరి బస్టాండు నుంచి కోట రెండు మూడు కిలోమీటర్లు. ఆటోలు ఉంటాయి. మేం మాత్రం చిన్నాయన స్కూటర్ మీద వెళ్లాం. ఊరు దాటగానే పెద్ద పెద్ద రాళ్లు పేర్చిన కోటగోడ మొదలవుతుంది. రోడ్డు కోట వాకిలి లోంచే పోతుంది. వాకిట్లో కూర్చున్న ముసలాయన ఒకరు చెనిక్కాయలు ఒలుచుకుంటున్నారు. కోటలో ఊరు కలిసిపోయింది, ఊళ్లో కోట కలిసిపోయింది.

సుమారు వెయ్యేళ్ల కింద యాదవరాయలు ఇక్కడ మొదట కోట కట్టారని చెబుతారు. 14వ శతాబ్దంలో ఇది విజయనగర రాజుల చేతికొచ్చింది. సాళువ నరసింహరాయలు బలపడింది ఇక్కణ్ణించే. చంద్రగిరిని ఏలుతూ ఎదిగిన ఆయనే 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనం ఎక్కాడు. ఆ తర్వాత కృష్ణదేవరాయలు తన తమ్ముణ్ణి, అచ్యుతరాయలను, ఈ కోటలోనే ఉంచాడు. గౌరవంగా ఉంచినా అది నిర్బంధమే. 1529లో రాయలు పోయాక అచ్యుతరాయలు ఇక్కణ్ణించి బయటికి వచ్చి, తిరుమలలో, శ్రీకాళహస్తిలో అభిషేకం చేయించుకుని హంపీకి కదిలాడు. నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి చక్రవర్తి అయి బయటికి నడిచిన దారి ఇది. రాజమహలు ముందు నిలబడి ఈ సంగతి తల్చుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

1565లో రక్కసి తంగడి యుద్ధంతో హంపీ పోయింది. రాజధాని పెనుకొండకు మారింది. 16వ శతాబ్దం చివర్లో వెంకటపతిరాయల కాలంలో చంద్రగిరికి వచ్చింది. ఇప్పుడు మనం చూసే రాజమహలు, రాణీమహలు ఆ వైభవానికి గుర్తులు. రాజమహలు మూడంతస్తులు. ఇటుక, రాయి, సున్నం తప్ప కప్పులో ఎక్కడా కొయ్య వాడలేదు. వంపు తిరిగిన కమానుల మీద కమానులు నిలబెట్టి, పైన గోపురాల్లాంటి శిఖరాలు ఎత్తారు. కమానులు ముస్లిం వాస్తుకు చెందినవి, శిఖరాలు మన గుళ్లవి. రెండూ ఒకే కట్టడంలో పేచీ లేకుండా ఒదిగిపోయాయి. లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. కంచు విగ్రహాలు, రాతి శిల్పాలు, కత్తులు, నాణేలు, కోట నమూనా చూడొచ్చు. శుక్రవారం సెలవు. చాలామంది ఆ రోజే వచ్చి గేటు దగ్గర్నుంచి వెనక్కి పోతారని చిన్నాయన చెప్పాడు.

లోపల నాకు బాగా నచ్చింది దర్బారు హాలు. బయట ఎండ మాడుస్తున్నా అక్కడ చల్లగా ఉంటుంది. మందమైన గోడలు, ఎత్తైన కప్పు, ఎదురెదురుగా కమానులు. ఫ్యాన్ లేని కాలపు ఏర్పాటు. ఈ కోటకి చెన్నపట్నంతోనూ సంబంధం ఉంది. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డే కి సముద్రం ఒడ్డున కొంత నేల ఇచ్చాడు. అక్కడే సెయింట్ జార్జి కోట లేచింది, దాని చుట్టూ మద్రాసు పెరిగింది. ఆ నాయకుడి పైన ప్రభువు అప్పటి విజయనగర రాయలే. ఆ దానపత్రం మీద సంతకం ఈ మహల్లోనే జరిగిందని ఇక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. ఆ పట్నం అంతకంతకూ పెరిగింది. ఈ కోట మాత్రం 1646లో గోల్కొండ సేనలకు లొంగిపోయింది.

నేను ఫొటోలు తీసుకుంటుంటే చిన్నాయన మహలు వైపు చూడటం లేదు. కొండ వైపు చూస్తున్నాడు.

"ఈ కొండ మీద పడిన వాన యాడికి పోతాదో చూడమ్మణ్ణీ. ఆ రాతి వాలు మీద జారి నేరుగా కోటలోకే వస్తాది. కోట కట్టినోడు ముందు ఆ లెక్క చూసుకోనుంటాడు."

ఆయన చెప్పాక నాకూ కనిపించింది. వెనక అర్ధచంద్రాకారంలో కొండ. శత్రువు అటు నుంచి రాలేడు, కానీ నీళ్లు మాత్రం అటు నుంచే రావాలి. రాణీమహలు దగ్గరి దిగుడు బావి, కోటలోపలి కుంట, బయటి అగడ్త, ఇవన్నీ ఆ నీటిని పట్టుకునేవే. ముట్టడి పడితే ధాన్యం గాదెల్లో ఉంటుంది సరే, నీళ్లు ఎక్కడ ఉంటాయి? రాజులకు ఆ ప్రశ్న ప్రాణాల మీది ప్రశ్న. అప్పటిదాకా నేను కోటని గోడలతో, గెలుపు ఓటములతో చూశాను. ఆ రోజు సాయంత్రం నుంచి నీళ్లతో చూడటం మొదలుపెట్టాను.

కోట ఆవరణలో పాడుబడిన గుళ్లు ఎనిమిది ఉన్నాయి, శివుడివీ విష్ణువువీ. కొన్నిటిలో మూలవిరాట్టు లేదు, గోడలున్నాయి. వాటి దగ్గర తుమ్మచెట్లు పెరిగాయి. ఇంకొంచెం శుభ్రం చేస్తే, ఏ గుడి ఏదో ఒక చిన్న బోర్డు పెడితే ఎంత బాగుండును. సాయంత్రం పర్యాటక శాఖ వాళ్ల సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. పిల్లలతో వచ్చేవాళ్లు దానికి ఉండిపోవచ్చు. నాకు వెలుతురు తగ్గుతుండగా రంగు మారే సున్నపు గోడలే చాలనిపించింది.

రాత్రి ఇంట్లో రాగి సంగటి, పితికిపప్పు. చలికాలంలో అనపకాయలు దిగే ఈ రోజుల్లోనే దొరికే వంట. అనపగింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజనీ వేళ్ల మధ్య నొక్కి తొక్క ఊడదీయాలి. మా చిన్నమ్మ, పక్కింటి ఆమె, నేను మధ్యాహ్నమంతా అదే పని మీద కూర్చున్నాం. ధనుర్మాసం కాబట్టి ఇంట్లో నీసు లేదు. ఆ పితికిపప్పు ముందు నాటుకోడి పులుసు గుర్తుకైనా రాలేదు.

రెండో రోజు: మూడు ఏర్లు కలిసే చోటు

పొద్దున తొండవాడ వెళ్లాం. చంద్రగిరి నుంచి తిరుపతి వైపు వస్తుంటే దారిలోనే. ఇక్కడ స్వర్ణముఖిలో భీమా, కల్యాణి ఏర్లు కలుస్తాయి. ఈ చోటుని ముక్కోటి అంటారు. ఒడ్డున అగస్త్యేశ్వర స్వామి గుడి. స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారే నది కాదు. ఎక్కువ నెలలు ఇసుకే. మేం వెళ్లినప్పుడు మాత్రం ఇసుక మధ్య రెండు మూడు పాయలుగా నీళ్లు పారుతున్నాయి. మోకాలి లోతు కూడా లేవు, అద్దంలా తేటగా ఉన్నాయి. ఒకామె బట్టలుతుక్కుంటోంది. గుడి మెట్ల మీద పూజారిగారు, "నది పారతా ఉంటే స్వామికి కూడా కళొస్తాదమ్మా" అన్నారు. ఇసుక తవ్వకాలతో ఈ ఏటి అడుగు ఎలా గుంటలు పడిందో పక్కనే కనిపిస్తోంది. ఇసుక పోతే ఏరు నీటిని పట్టుకోలేదు. చుట్టుపక్కల బావులు ఎండుతాయి. ఈ మాట ఇక్కడ ఏ రైతుని అడిగినా చెబుతాడు.

అక్కణ్ణించి శ్రీనివాసమంగాపురం. పద్మావతీదేవిని నారాయణవనంలో పెళ్లాడిన శ్రీనివాసుడు కొండకు పోకుండా ఆరు నెలలు అగస్త్యుడి ఆశ్రమం దగ్గర ఇక్కడే ఉన్నాడని స్థలపురాణం. కొత్తగా పెళ్లయినవాళ్లు వచ్చి కల్యాణోత్సవం చేయించుకుంటారు. మేం వెళ్లిన పూట కూడా పసుపు బట్టలు ఆరని జంటలు కనిపించారు. 16వ శతాబ్దంలో ఈ గుడిని అన్నమయ్య మనవడు తాళ్లపాక చినతిరుమలాచార్యులు బాగుచేయించాడు. ఇక్కడికి ఐదారు కిలోమీటర్లలో శ్రీవారి మెట్టు. అలిపిరి కంటే దగ్గరి నడకదారి, రెండు వేల మూడు వందల పైచిలుకు మెట్లు. చంద్రగిరి నుంచి రాయలు కొండకు ఈ దారినే వెళ్లేవారని చెబుతారు. కోట ఉన్న దిక్కు చూస్తే అది సహజమే అనిపిస్తుంది.

తాళ్లపాకవారి పేరు వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పాలి. నాకు ఈ ప్రయాణం మొత్తంలో ఇదే ముఖ్యం. తిరుమల గుడి గోడల మీద వందల శాసనాలు ఉన్నాయి. వాటిని దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. సాళువ నరసింహరాయల కాలం నుంచి 16వ శతాబ్దం దాకా వచ్చిన శాసనాల్లో ఒకే తీరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. భక్తుడు స్వామి భండారానికి ఇంత సొమ్ము ఇస్తాడు. గుడి ఆ సొమ్మును మూటగట్టి దాచదు. స్వామివారి మాన్యం గ్రామాల్లో చెరువులు తవ్వడానికి, పూడిక తీయడానికి, కాలువలు సాగదీయడానికి ఖర్చుపెడుతుంది. దానివల్ల ఎక్కువగా పండిన ధాన్యంతో ఆ భక్తుడి పేరు మీద రోజూ నైవేద్యం జరుగుతుంది. ప్రసాదంలో దాతకు కొంత వాటా. రాజులు, ఆచార్యులు, వర్తకులు, గుడిలో ఆడిపాడే స్త్రీలు కూడా ఇలా ఇచ్చారు. ఎంత దూరం ఆలోచించారు! ఇచ్చిన బంగారం కరగదు, పొలం పండినంత కాలం స్వామికి దీపం, నైవేద్యం సాగుతాయి, ఆ మధ్యలో రైతు కుటుంబం కూడా బతుకుతుంది. కొండ మీద చేతిలో పెట్టిన పొంగలి ముద్ద వెనక కింద ఒక చెరువు ఉండేదన్నమాట.

మధ్యాహ్నం కల్యాణి డ్యాం. మదనపల్లె వైపు పోయే రోడ్డు మీద, భాకరాపేట ఘాటు రాకముందే, శేషాచలం అడవి అంచున ఉంటుంది. 1970లలో కట్టారు. తిరుపతికి, తిరుమలకి తాగునీళ్లు ఇచ్చే డ్యాముల్లో ఇది ఒకటి. తెలుగుగంగ నీళ్లు రాకముందు తిరుపతి దాహం తీర్చిన భారం చాలావరకు దీని మీదే ఉండేదని చిన్నాయన చెప్పాడు. మూడు వైపులా కొండలు. నీళ్ల మీద కొండల నీడలు. మాతో పాటు అక్కడ ఉన్నది పశువులు తోలుకొచ్చిన ఇద్దరు పిల్లలు మాత్రమే. నీటిలోకి దిగకండి, లోతు తెలియదు, పైగా ఇది జనం తాగే నీళ్లు. తెచ్చుకున్న ప్లాస్టిక్ కవర్లు తిరిగి పట్టుకుపోవడం మర్యాద. చీకటి పడకముందే బయటికి వచ్చేయాలి. ఎర్రచందనం అడవి కాబట్టి అటవీశాఖ వాళ్ల కాపలా గట్టిగా ఉంటుంది, పొద్దుపోయాక ఎవరు కనిపించినా నిలదీస్తారు.

మూడో రోజు: రాయలచెరువు

ఈ రోజు కోసమే నేను వచ్చాను.

తిరుపతి నుంచి రామచంద్రాపురం మీదుగా రాయలచెరువు వెళ్లాలి. దారికి అటూ ఇటూ చెరుకు, వరి, మామిడి తోటలు. బెల్లం వండుతున్న వాసన కాసేపు మా వెంటే వచ్చింది. తర్వాత మలుపు తిరగ్గానే ఎదురుగా కట్ట. కట్ట ఎక్కితే ఆ వైపంతా నీళ్లే. ఆ చివర కొండలు నీళ్లలోకి దిగుతున్నట్టు ఉన్నాయి. నీటికాకులు మునిగి ఎక్కడో తేలుతున్నాయి. గట్టు దగ్గర లకుముకి పిట్ట ఒకటి ఎండిన కొమ్మ మీద కదలకుండా కూర్చుంది. ఎంత పెద్ద చెరువో అంత నిశ్శబ్దం. బోటింగ్ లేదు, ఐస్‌క్రీమ్ బండి లేదు. అలా ఉండటమే నాకు కావాల్సింది.

ఇది కృష్ణదేవరాయల కాలపు చెరువని ఇక్కడ అందరూ చెబుతారు. పేరులోనే రాయలు ఉన్నాడు. ఐదు వందల ఏళ్ల నాటి కట్ట మీద నిలబడి ఉన్నామన్నమాట. ఆముక్తమాల్యదలో రాయలు రాజనీతి చెబుతూ ఒక పద్యంలో, నేల చిన్నదైనా సరే కుంటలు, కాలువలు వేయించి, పేద రైతుకు పన్ను తేలిక చేస్తే ధర్మమూ పెరుగుతుంది, ధనమూ పెరుగుతుంది అంటాడు. రాజు రాసిన మాటకి ఇక్కడ నీళ్లు సాక్ష్యం.

చిన్నాయన కట్ట మీద అటు కొండ నుంచి ఇటు కొండ వైపు నడిపించాడు. "రెండు కొండలుండాయి. మధ్యన సందు ఉండాది. ఆ సందు మూసేస్తే చాలు. తక్కువ కట్ట, ఎక్కువ నీళ్లు. చెరువు కట్టే చోటు ఎంచుకోవడంలోనే సగం పనైపోతాది." ఆయన ఈ మాట అంటుంటే నాకు పోరుమామిళ్ల శాసనం గుర్తొచ్చింది. కడప జిల్లాలో ఉన్న ఆ చెరువుని బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించి 1369లో శాసనం వేయించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులోనే ఉంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు ఉండాలని ఆ శాసనం లెక్క చెబుతుంది. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, దూరం నుంచి వచ్చే తియ్యటి నీటి ఏరు, కట్టను పట్టుకునే కొండలు, దగ్గర్లో రాయి, పనివాళ్లు, ఇలా. తర్వాత ఆరు దోషాలు చెబుతుంది. కట్ట నుంచి నీళ్లు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యన మెరక ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టవద్దన్న మాట చదివినప్పుడల్లా, నీటి గొడవలు చూస్తున్న ఈ కాలంలో దాని విలువ ఇంకా తెలుస్తుంది.

ఆ దోషాల్లో మొదటిదాన్ని ఈ చెరువు 2021 నవంబరులో చూసింది. ఆ నెల వాయుగుండాలకి తిరుపతి వీధులు ఏర్లయ్యాయి. స్వర్ణముఖి ఒడ్లు కోసుకుంటూ పారింది. రాయలచెరువు ఎన్నడూ లేనంతగా నిండి కట్టకి ఒకచోట నుంచి నీళ్లు కారడం మొదలైంది. దిగువ ఊళ్లని ఖాళీ చేయించారు. జనం మూటాముల్లె సర్దుకుని కొండగుట్టల మీదికి, బంధువుల ఇళ్లకి పోయారు. తిరుపతిలో ఉన్న వాళ్లకి కూడా ఆ రాత్రులు నిద్ర లేదు. మా చిన్నమ్మ ఆ టెన్షన్ గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతుంది. రాత్రింబగళ్లు ఇసుక మూటలు, మట్టి వేసి కట్టను నిలబెట్టారు. కట్ట నిలిచింది.

ఆ కారిన చోటు దగ్గర చిన్నాయన చాలాసేపు ఆగాడు. నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"మట్టికట్ట అన్నాక కొంచెం చెమ్మ దిగతానే ఉంటాది. కిందపక్క నీళ్లు తేటగా కారితే అంత భయం లేదు. మడ్డిగా కారితే భయం. కట్ట లోపలి మట్టి నీళ్లతో కలిసి పోతాండాదన్నమాట. లోపల చిన్న సొరంగం పడతాది. గంటగంటకీ అది పెద్దదవతాది. ఎలుక బొక్క కావచ్చు, కుళ్లిపోయిన చెట్టు వేరు కావచ్చు, మొదలు దానికి సాలు."

"మరి ఇసుక మూటలతో ఎట్లా ఆగుతాది చిన్నాయనా?"

"నీళ్లని అడ్డంగా మూసేయరాదు. మూస్తే ఇంకో చోట తన్నుకోని వస్తాయి. కారే చోటు చుట్టూ మూటలు గుండ్రంగా పేర్చాల. లోపల నీళ్లు కొంచెం ఎత్తు నిలబడతాయి. ఆ బరువుకి వేగం తగ్గి మట్టి పోవడం ఆగతాది. ఆ తరవాత కట్ట బలం చేసుకోవాల."

నలభై ఏళ్లు కట్టల మీద తిరిగిన మనిషి నోటి నుంచి ఇది వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇలాంటి తెలివి మన ఊళ్లలో ప్రతి తరంలోనూ ఉండేది. నీరుగంటి అని ఊరికొక మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ పొలానికి ఎన్ని గంటలు వదలాలి, కట్ట మీద ఎక్కడ బొక్క పడింది, అంతా అతని బాధ్యత. పంటలో అతనికి ఇంత అని కొలిచి పెట్టేవారు. చెరువు కట్టించినవాడికి, తెగిన చెరువుని బాగుచేసినవాడికి దశబంధం అనే ఇనాం కింద భూమి ఇచ్చేవారు. రాజు దగ్గర డబ్బు లేకపోయినా ఊళ్లో ఉన్నవాడు ముందుకొచ్చేలా చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు ఆ భూములు ఎవరెవరి పేరు మీదో ఉన్నాయి, చెరువు మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. ఆ బాధ నాకు ఈ కట్ట మీద నిలబడినప్పుడు ఎక్కువైంది.

పాత చెరువుల్లో తూము ఎలా పనిచేసేదో కూడా చిన్నాయన చేతులతో చూపించాడు. కట్టకి దగ్గరగా నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబెడతారు. వాటి మధ్య అడ్డంగా రాతి పలకలు, పలకల్లో రంధ్రాలు. ఆ రంధ్రాల గుండా ఒక పొడవాటి కొయ్య కిందికి దిగి అడుగున నీటి దారిని మూస్తుంది. కొయ్య ఎత్తితే నీళ్లు కట్ట కింద కాలువలోకి పోతాయి. కరెంటు వద్దు, మోటారు వద్దు. అవతల మొరవ. చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు మొరవ మీదుగా పొర్లి కిందున్న చెరువుకి పోతాయి. అది నిండితే దాని కింది చెరువుకి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. మొరవ దారిలో ఇళ్లు లేచినా, సప్లయి కాలువ పూడిపోయినా గొలుసు తెగుతుంది. ఎండాకాలం కరువు, వానాకాలం వరద, రెండూ ఆ ఒక్క తప్పుకే వస్తాయి. తిరుపతి చుట్టూ ఎన్ని చెరువులు కాలనీలైపోయాయో ఆ ఊరివాళ్లకి తెలుసు. 2021లో నీళ్లు నిలిచిన వీధులు చూస్తే పాత చెరువుల ఆచూకీ దొరుకుతుంది.

మధ్యాహ్నం కట్ట కింద చింతచెట్టు నీడలో కూర్చుని, చిన్నమ్మ కట్టిచ్చిన సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి తిన్నాం. పక్క పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు పలకరించారు. ఎవరి తాలూకు, ఏ ఊరు, పెళ్లయిందా అన్నీ అడిగారు. చెరువు చూడటానికి వచ్చానంటే ఒకామె సంతోషంగా, "ఈ ఏడు బాగా నిండింది పాపా, రెండు పంటలు గ్యారంటీ" అంది. అంతకు మించిన కబురు నాకు ఆ రోజు ఇంకేం కావాలి.

నాలుగో రోజు: గుడిమల్లం

స్వర్ణముఖి వెంటే కిందికి పోవాలని ఈ రోజు గుడిమల్లం పెట్టుకున్నాం. రేణిగుంట దాటి, పాపానాయుడుపేట మీదుగా వెళ్లాం. పాపానాయుడుపేటలో గాజు పూసలు చేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కరిగించిన గాజును సన్నటి గొట్టంగా లాగి ముక్కలు కోసే పాత పద్ధతి.

గుడిమల్లం చిన్న పల్లె. అక్కడి పరశురామేశ్వర స్వామి గుడిలోని లింగం మన దేశంలో దొరికిన అతి పాత శివలింగాల్లో ఒకటి. క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని చాలామంది పండితులు అంటారు. లింగం ఎత్తు సుమారు ఐదడుగులు. ముందు వైపు వేటగాడి రూపంలో శివుడు. కుడిచేతిలో పొట్టేలు, ఎడమచేతిలో చిన్న నీటి పాత్ర, భుజం మీద గొడ్డలి, కాళ్ల కింద మరుగుజ్జు యక్షుడు. జంధ్యం లేదు. అడవిలో తిరిగే మనిషిలా ఉన్న ఆ దేవుణ్ణి చూసి చేతులు జోడించడానికి నాకు మంత్రమేదీ గుర్తుకురాలేదు. దండం పెట్టుకుని అలా నిలబడిపోయాను. చేతిలో నీటి పాత్ర ఉండటం నాకు ప్రత్యేకంగా కనిపించింది.

గర్భగుడి నేల మట్టానికి దిగువన ఉంటుంది. దాని పైన లేచిన విమానం గజపృష్ఠం, అంటే ఏనుగు వీపు ఆకారం. 1973లో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు లింగం చుట్టూ నలుచదరపు రాతి కంచె బయటపడింది. అంటే ఇప్పటి గుడి లేకముందు, ఆరుబయట కంచె మధ్యన ఈ లింగానికి పూజ జరిగేదన్నమాట. ఆ తర్వాత పల్లవులు, బాణరాజులు, చోళులు ఒకరి తర్వాత ఒకరు దీన్ని కాపాడుకుంటూ వచ్చారు.

అరవై ఏళ్లకోసారి భూమిలోంచి నీళ్లు ఊరి స్వామిని అభిషేకిస్తాయని ఇక్కడి నమ్మకం. 2005 డిసెంబరులో గర్భగుడిలోకి అలా నీళ్లు వచ్చాయి. అర్చకులు ఆ రోజు గురించి చెబుతూ నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చేత్తో చూపించారు. చిన్నాయన విని తల ఊపాడు. గుడి నది పక్కనే ఉంది, గర్భగుడి లోతులో ఉంది, ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి, భూమిలో నీటి మట్టం పైకి లేచింది, అని బయటికి వచ్చాక అన్నాడు. "దేవుడి మహిమ కాదా మరి?" అని అడిగాను. "భూమిలో నీళ్లు ఆ ఎత్తుకి రావడం మహిమ కాకపోతే ఇంకేందమ్మణ్ణీ. ఇప్పుడు బోరు వెయ్యి అడుగులు దించినా పడటం లేదు కదా" అన్నాడు.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. ఊళ్లో హోటలు ఆశించకండి. బస్సులు తక్కువ, తిరుపతి నుంచి ఆటోనో కారో మాట్లాడుకుంటే నయం. లోపల ఫొటోలు తీయనివ్వరు.

తిరుగు దారిలో చిన్నాయన నన్ను రేణిగుంట స్టేషన్లో దింపాడు. రైలు రావడానికి ఇంకా గంట ఉంది. బెంచీ మీద కూర్చుని ఆయన నా నోట్‌బుక్ తీసుకున్నాడు. రాయలచెరువు దగ్గర నేను గీసుకున్న తూము బొమ్మలో కొయ్య దిగే చోటు తప్పుగా వేశానని, పెన్సిల్‌తో సరిచేశాడు. పక్క పేజీలో ఎండాకాలం వస్తే చూడాల్సిన చెరువుల పేర్లు రాశాడు. కార్వేటినగరం కోనేరు అన్నిటికంటే పైన రాశాడు. "నీళ్లు లేనప్పుడు రా. కట్ట లోపల ఎట్ల కట్టినారో అప్పుడే కనపడతాది" అన్నాడు. ఏప్రిల్‌కి టికెట్లు చూస్తున్నాను.